కొల్లేటి మధ్య రైల్వే గేటు

మా మావయ్య లారీకి రెండు హారన్లుండేవి. ఒకటి బండితోపాటే వచ్చిన కరెంటు హారన్. అది నాకు ఊహ తెలిసేసరికే మూగబోయింది. రెండోది డ్రైవరు కిటికీ పక్కన బిగించిన ఇత్తడి బూరా. దాని వెనక నల్లటి రబ్బరు బుడ్డి ఉండేది. ఆ బుడ్డి పిసికితే లారీ కడుపులో ఎక్కడో ఒక గేదె నిద్రలేచినట్టు మోగేది. మావయ్య ఆ బూరాని చింతపండు పెట్టి తోమేవాడు. మా ఇంట్లో దేవుడి గంట కూడా అంత మెరిసేది కాదు. ఆ సంగతి అత్తయ్య దేవుడికి వినపడేలా అంటూ ఉండేది.

మావయ్య అంటే మా అమ్మ తమ్ముడు. ఏలూరులో మా రెండిళ్లకీ మధ్య ఒకే గోడ. రెండు వేల ఆరు, ఏడు ప్రాంతంలో నేను డిగ్రీ పాసయ్యాను. ఆ విషయం దేశంలో ఎవరూ పట్టించుకోకపోవడంతో డ్రైవింగు లైసెన్సు కూడా తెచ్చుకుని మావయ్య పక్కన రెండో డ్రైవరుగా చేరాను. పని పంచుకున్నాం. ఊళ్లు వస్తే ఆయన నడిపేవాడు, ఖాళీ రోడ్డు వస్తే నేను. ఖాళీ రోడ్డు మీద కూడా గేదె కనపడితే ఆయనే.

మా లైను ఎప్పుడూ ఒకటే. తాడేపల్లిగూడెం మార్కెట్లో ఉల్లిపాయలు, పప్పులు, బెల్లం ఎక్కించుకోవడం. ఏలూరు వచ్చి సబ్బులూ నూనె డబ్బాలూ అగ్గిపెట్టెలూ కలుపుకోవడం. అక్కణ్ణించి కొల్లేటి రోడ్డు పట్టుకుని కైకలూరు దాకా దారిలో ఉన్న కిరాణా కొట్లన్నిటికీ సరుకు దించుకుంటూ పోవడం. ఆ కొట్లు బతికితే మా బండి తిరుగుతుంది, బండి తిరిగితే మావయ్య డ్రైవరు. ఇంత తేలికైన లెక్క నేను డిగ్రీలో కూడా చదవలేదు. అది తప్పుతుందని మాలో ఎవరూ అనుకోలేదు.

శీతాకాలం పొద్దున్నే ఆ రోడ్డెక్కితే ఏది నీరో ఏది ఆకాశమో తెలిసేది కాదు. రెండు పక్కలా మంచు. రోడ్డు కూడా ముందు పది బారల మేరే ఉన్నట్టు, మేం వెళ్లేకొద్దీ ఎవరో తాపీగా పరుస్తున్నట్టు ఉండేది. కిక్కిస గడ్డి మీదుగా గూడకొంగలు, బరువైన ఆలోచనేదో వచ్చినట్టు, నెమ్మదిగా లేచేవి. దూరంగా ఒక దోనె కదిలేది. దానిమీద మనిషి ఉన్నాడో గడకర్ర ఒక్కటే ఉందో చెప్పలేం. నాకు ఆ కాసేపూ మేం లారీలో కాక ఎవరి నిద్రలోనో ప్రయాణం చేస్తున్నాం అనిపించేది. అయితే ఆ నిద్రపోతున్న మనిషికి ఉల్లిపాయల వాసన బాగా అలవాటై ఉండాలి.

కొల్లేటి నడిమధ్యలో ఒక లంక ఊరుంది. ఆ ఊరి మలుపులో మావయ్య బుడ్డి పిసికేవాడు. రెండు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత. అది నీళ్ల మీద పడి జారుకుంటూ అవతలికి పోయేది. మేం ఊరి మొదట్లోకి వచ్చేసరికి జనం సంచులు పట్టుకుని రోడ్డు పక్కన నిలబడి ఉండేవారు. వాళ్ల ముందు కొట్టు మామ్మ. రేకుల కప్పు, చెక్క తలుపులు, ముందు వరుసలో పిప్పరమెంటు బిళ్లల సీసాలు ఉన్న ఆ కొట్టు ఆవిడదే. అసలు పేరు అందరూ మరిచిపోయారు. ఆవిడ కూడా మరిచిపోయి ఉంటుందని నా అనుమానం.

ఆ లైను మీద ఒక మర్యాద ఉంది. హారన్ కొట్టాక ఆగాలి. ఆగే ఉద్దేశం లేకపోతే కొట్టకూడదు. హారన్ కొట్టి ఆగకుండా పోవడమంటే భోజనానికి పిలిచి విస్తరి వేయకపోవడమే. ఇది పాతకాలం లారీల వాళ్లు పెట్టుకున్నది. మిగతా డ్రైవర్లు ఎప్పుడో వదిలేశారు. మావయ్య మాత్రం ఆ ఊరి దగ్గర గేదె అడ్డొచ్చినా హారన్ జోలికి పోయేవాడు కాదు. బండి ఆపి, కిందికి దిగి, గేదెతో మాట్లాడేవాడు. గేదెలు కూడా ఆయనకి మర్యాదిచ్చేవి, తీరికగా.

ఆగితే ఊరికే సరుకు దించడం కాదు. ఊరంతా ఆయనకి పనులు పురమాయించేది.

"డ్రైవరుబాబూ, మా ఆయన కళ్లజోడు కాడ విరిగిందండి. గూడెంలో అతికించుకు రావాలండి."

"మిక్సీ గిన్నె తిరగట్లేదండీ. ఏలూరులో చూపించండి. పిడి ఎర్రగా ఉంటుంది, గుర్తుపెట్టుకోండేం."

"పిల్లదానికి గాజులండీ. దాని చెయ్యి ఇంతుంటదండి." ఇలా అని ఒకావిడ బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టి చూపించేది. మావయ్య ఆ సున్నాని ఒకసారి తదేకంగా చూసి, "ఆయ్, అలాగేనండి" అనేవాడు. గూడెంలో గాజుల కొట్టువాడి ముందు తన వేళ్లతో అదే సున్నా చుట్టేవాడు. గాజులు కొన్నిసార్లు సరిపోయేవి. సరిపోకపోతే ఆ ఇంట్లోనో పక్కింట్లోనో అవి సరిపడే చెయ్యి ఒకటి ఉండేది. ఒకసారి ఇద్దరు ముసలాయనల కళ్లజోళ్లు తారుమారయ్యాయి. మార్చి ఇవ్వబోతే ఒకాయన ఒప్పుకోలేదు.

"దీంతోనే బాగా కనపడుతోందయ్యా. ఆడిదే నాకుంచెయ్."

రెండో ఆయన ఏమన్నాడో గానీ, ఆ తర్వాత కొన్నాళ్లు ఆయన నన్ను మావయ్యా అనీ మావయ్యని మనవడా అనీ పిలిచేవాడు.

మామ్మ మాకు టీ ఇచ్చేది. హారన్ వినపడగానే నీళ్లు పొయ్యి మీద పడేవి, మేం దిగేసరికి పొంగేవి. ఆ టీలో ఏం వేసేదో తెలియదు. అది తాగుతూ నీళ్ల వైపు చూస్తుంటే జీవితంలో ఏదీ తొందర లేదనిపించేది. బహుశా పంచదార ఎక్కువయ్యుంటుంది.

ఇలా ఉండగా ఏలూరు మెయిన్ రోడ్డు మీద మూడంతస్తుల కొట్టు లేచింది. పేరెందుకు గానీ, పెద్ద కంపెనీ. అద్దాల తలుపులు, లోపల ఏసీ, చక్రాల బుట్టలు. లంకల నుంచి జనం బస్సుల్లో తరలివచ్చారు, తీర్థానికొచ్చినట్టు. ముసలివాళ్లు చలికని శాలువాలు కప్పుకొచ్చారు. మావయ్య కూడా వెళ్లాడు. గుమ్మంలో కుర్రాడు, "సంచి ఇక్కడ పెట్టి వెళ్లండి సార్" అన్నాడు. సంచి లేకుండా కొట్లోకి ఎందుకు వెళ్లాలో ఆయనకి అర్థం కాలేదు. లోపల కందిపప్పుని చూశాడు, తను మోసే పప్పే, కాకపోతే కవరు తొడుక్కుని ఉంది. దాన్ని ఓ చూపు చూసి బయటికొచ్చేశాడు.

"ఎలా ఉంది మావయ్యా?"

"చల్లగా ఉందిరా."

తర్వాత లైను మీద కొట్లు ఒక్కొక్కటే మూతపడటం మొదలైంది. ఒకటి సెల్‌ఫోను రీఛార్జి కొట్టయింది. ఇంకోటి చేపల మేత గోడౌనయింది. ఇంకొకటి ఏమీ కాలేదు, తాళం మీద తుప్పు పట్టింది. కొట్టు మూసేసిన ఒక శెట్టిగారు ఆ మూడంతస్తుల ముందే సెక్యూరిటీ యూనిఫాంలో నిలబడ్డారు. మావయ్యని చూసి సెల్యూట్ కొట్టారు. అలవాటో వేళాకోళమో తెలియలేదు. మావయ్య కూడా తిరిగి కొట్టాడు. రోడ్డు మీద వాళ్లిద్దర్నీ చూసినవాళ్లు యుద్ధం వచ్చిందనుకుని ఉంటారు.

సరుకు తగ్గేకొద్దీ లారీకి బరువు తగ్గి గుంటల్లో ఎగిరెగిరి పడేది. నిండు లారీ ఊగుతూ నిద్రపుచ్చుతుంది. ఖాళీ లారీ మనిషిని కుదిపి కుదిపి, నిద్ర లేపి, ఏదో అడుగుతున్నట్టుంటుంది. మావయ్య ఆ ప్రశ్న కొన్ని నెలలు వినపడనట్టు నటించాడు. తర్వాత అత్తిలి దగ్గర ఒక ఇటుక బట్టీ ఆయనకి బండి అమ్మేశాడు. తాళాలు ఇచ్చేముందు స్క్రూడ్రైవరు తీసుకుని తీరిగ్గా బూరా ఊడదీశాడు.

"హారనేదండీ?" అన్నాడు కొన్నాయన.

"అది బండిది కాదండి. నాదండి."

మా రెండిళ్ల మధ్య గోడకి తన వైపు మేకు కొట్టి దాన్ని తగిలించాడు. ఆ రోజుల్లో ఏలూరు ఇళ్లలో గోడలకి క్యాలెండర్లుండేవి, ఫోటోలుండేవి. తివాచీలు నేసే ఇళ్లలో అందమైన తివాచీ ముక్క ఒకటి ఉండేది. హారన్ ఉన్న ఇల్లు మాదొక్కటే.

బండి పోయాక మావయ్యకి మిగిలింది ఒకటే పంతం. ఇంకేం చేసినా సరే, డ్రైవరుగానే చెయ్యాలి, కొల్లేటి రోడ్డు మీదే చెయ్యాలి. "వేరే రోడ్లు లేవా మావయ్యా?" అంటే, "ఉన్నాయిరా, ఎవడు నడపొద్దన్నాడు, నువ్వు నడుపుకో" అనేవాడు. అలాంటి సమయంలో ఆ మూడంతస్తుల కంపెనీయే కైకలూరులో రెండో కొట్టు తెరిచింది. గూడెం బయట గోడౌను, అక్కణ్ణించి ఏలూరు, అక్కణ్ణించి కొల్లేటి మీదుగా కైకలూరు. డ్రైవర్లు కావాలన్నారు. అత్తయ్య అది విని, "మీ పొట్ట కొట్టినవాళ్ల బండే తోలతారా?" అంది.

"బండి ఏం చేసిందే పాపం" అన్నాడు మావయ్య.

మా ఇద్దరికీ నీలం చొక్కాలిచ్చారు. బండి తెల్లటి కంటైనరు. వెనక తలుపుకి సీలు వేస్తారు, కొట్టు దగ్గరే విప్పాలి. లోపల ఏముందో మాకు తెలియదు. ఉల్లిపాయలైనా వాసన రాదు. క్యాబిన్‌లో అరచేయంత పెట్టె ఒకటి ఉంది. దాని వల్ల బండి ఎక్కడుందో, ఎక్కడ ఆగిందో గోడౌనులో కంప్యూటరుకి తెలిసిపోతుంది. ఇరవై ఏళ్ల సంసారంలో అత్తయ్యకి దక్కని సౌకర్యం అది. దారిలో ఆగకూడదన్నది మొదటి రూలు. రెండో రూలు మొదటి రూలుని మరిచిపోకూడదని.

మొదటి రోజు తెల్లవారేసరికి కొల్లేటి మీదికొచ్చాం. మంచు అలాగే ఉంది. మావయ్య స్టీరింగు పట్టుకుని, నేను కిటికీ దించి నీళ్ల వాసన పీలుస్తూ, అసలు ఏమీ మారలేదన్నట్టు ఉన్నాం. మలుపు వచ్చింది. ఆయన చెయ్యి దానంతటదే కిటికీ వైపు వెళ్లి, బుడ్డి లేక గాల్లో తడుముకుని, వెనక్కొచ్చి స్టీరింగు మధ్యలో నొక్కింది. రెండు పొట్టి, ఒక పొడుగు.

ఇద్దరం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.

"మావయ్యా, కొట్టావు."

"కొట్టానురా."

"కొట్టావు కాబట్టి..."

"ఆగాలిరా" అన్నాడాయన, చాలా నీరసంగా.

అప్పటికే జనం మంచులోంచి బయటపడుతున్నారు. సంచులతో, సంతోషంతో. మా లారీ పోయాక మామ్మ సరుకు బస్సు మీద కొద్దికొద్దిగా తెప్పించుకుంటోంది. తెల్ల కంటైనరుని చూసి ఆవిడ రెండు చేతులూ నడుముకి ఆనించుకుంది.

"ఇంత పెద్ద బండి కొన్నావా నాయనా! కందిపప్పు దించు ముందు. నాలుగు రోజులైంది అయిపోయి."

"బండి నాది కాదు మామ్మా. తలుపు తియ్యడానికి లేదు."

"లోపల పప్పుందా?"

"ఉండే ఉంటుంది మామ్మా."

"ఉండీ దించవా?"

మావయ్య సీలున్న వెనక తలుపు వైపు చెయ్యి చూపించాడు. జనం వరుసగా వెనక్కి వెళ్లి సీలు చూసి వచ్చారు, ఎవరో పెద్దమనిషి పోతే చూసి వచ్చినట్టు. ఆ తర్వాత మామ్మ, "సరే, టీ తాగి పో" అంది. తాగాం. ఒకాయన కళ్లజోడు ఇచ్చాడు, కాడ విరిగింది. మావయ్య నీలం చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

సాయంత్రం గోడౌనులో సూపర్వైజరు పిలిచాడు. నా వయసువాడే, మెత్తటి మనిషి, భీమవరం వైపు.

"ఏవండీ, కొల్లేటి మధ్యలో బండి ఆగిందండి. ఏమైందండీ?"

మావయ్యకి అబద్ధం చెప్పడం రాదు. కష్టపడి నేర్పాలని మా అత్తయ్య చాలాసార్లు ప్రయత్నించింది కూడా. "హారన్ కొట్టానండి" అన్నాడు.

"హారన్ కొడితే ఆగడమేంటండీ?"

"కొడితే ఆగాలి కదండీ."

సూపర్వైజరు నా వైపు చూశాడు. నేను సీలింగు ఫ్యాను వైపు చూశాను. పాపం అతని బాధ వేరు. కంప్యూటరు ప్రతి ఆగడానికీ ఒక కారణం అడుగుతుంది, ఆ కారణాలు అందులోనే ఉంటాయి, వాటిలోనే ఒకటి నొక్కాలి. పంక్చరు, ట్రాఫిక్కు, చెకింగు, రైల్వే గేటు. హారన్ కొట్టడం లేదు. అతను కాసేపు గడ్డం గోక్కుని రైల్వే గేటు నొక్కాడు.

"ఇంకోసారి కొట్టకండేం" అన్నాడు.

"అలాగేనండి" అన్నాడు మావయ్య. ఆ మాట అనేటప్పుడు ఆయన నిజంగానే అనుకున్నాడు. కానీ చెయ్యికి చెప్పలేదు. మళ్లీ మలుపు, మళ్లీ మంచు, మళ్లీ రెండు పొట్టి, ఒక పొడుగు. కళ్లజోడు బాగై వచ్చింది, మిక్సీ గిన్నె ఎక్కింది. పప్పు మాత్రం లోపలే ఉండిపోయేది. ప్రతిసారీ సూపర్వైజరు నిట్టూర్చి గేటు వేసేవాడు. ఈ సంగతి నేను లంకలో చెప్పాను. ఊరంతా పడీపడీ నవ్వింది. అప్పటినుంచి మేం ఆగే చోటు పేరు గేటైపోయింది. "గేటు దగ్గరుంటానండి", "గేటు కాడ దోనె కట్టెయ్" అనడం మొదలుపెట్టారు. ఏ రైల్వే మంత్రీ వెయ్యలేని గేటు మా మావయ్య వేశాడు.

అయితే హైదరాబాదులో కూర్చున్న ఎవరో పెద్దాయన మ్యాపు తెరిచి చూశాడు. అసలు రైలు పట్టాలు ఎక్కడో కైకలూరు దగ్గర ఉన్నాయి. బండి ఆగుతున్నది నీళ్ల మధ్య. నీళ్లలో గేటేమిటని గోడౌనుకి ఫోనొచ్చింది. సూపర్వైజరు మమ్మల్ని పిలిచి, తల ఎత్తకుండా మాట్లాడాడు.

"నా ఉద్యోగం కూడా పోయేలా ఉందండి. ఇంకొక్కసారి ఆగితే తాళాలు తీసుకోమన్నారండి. మీరు పెద్దవారు. అర్థం చేసుకోండి."

"మీకెందుకండీ ఇబ్బంది" అన్నాడు మావయ్య. "కొట్టనండి. కొట్టకపోతే ఆగక్కర్లేదు."

మర్నాడు ఆయన మాట నిలబెట్టుకున్నాడు. మలుపు దగ్గర రెండు చేతులూ స్టీరింగుకి అతికించినట్టు పట్టుకున్నాడు. బండి కొత్తది, చప్పుడు లేదు. మంచు ఆ రోజు మరీ చిక్కగా ఉంది. ఊరు ఉండాల్సిన చోట తెల్లదనం ఉంది, తెల్లదనంలో ఒక పొయ్యి పొగ నిటారుగా లేస్తోంది, అంతే. ఎవరూ రాలేదు. పిలవందే ఎవరొస్తారు? మేం ఎవరి కలలోంచో, వాళ్లకి మెలకువ రాకుండా, కాళ్ల మడమలెత్తుకుని బయటికి పోతున్నట్టు పోయాం. నేను ఏదో జోకు వెయ్యాలని నోరు తెరిచాను. చలిగాలి లోపలికి పోయింది.

మామ్మ ఒక్కతే ఉంది. కొట్టు అరుగు మీద గ్లాసు పట్టుకుని, రోడ్డు వైపు కాకుండా నీళ్ల వైపు చూస్తూ ఉంది. మమ్మల్ని చూసిందో లేదో తెలియదు.

కైకలూరులో సరుకు దించి, సాయంత్రానికి గూడెం చేరి, మావయ్య తాళాలు బల్ల మీద పెట్టాడు. సూపర్వైజరు కంగారుపడ్డాడు.

"ఈరోజు ఆగలేదు కదండీ! అంతా బానే ఉందండి కంప్యూటర్లో."

"నిద్రొస్తోందండి" అన్నాడు మావయ్య.

"ఏంటండీ?"

"హారన్ కొట్టకుండా నడిపితే నిద్రొస్తోందండి. డ్రైవరుకి నిద్ర రావడం ప్రమాదం కదండీ."

అంత బలమైన రాజీనామా కారణం కంప్యూటర్లో కూడా ఉండి ఉండదు. ఆయన చొక్కా మడిచి ఇచ్చేశాడు. బంధువుగా నేనూ ఇచ్చేశాను. నాది కొంచెం బిగుతుగా కూడా ఉంది.

ఆ తర్వాత మావయ్య ఇంట్లో కూర్చున్నాడు. ఇంట్లో కూర్చున్న డ్రైవరు ఎలా ఉంటాడో చూడాలంటే చెరువులోంచి తీసిన కొర్రమేనుని చూడాలి. బతికే ఉంటుంది గానీ ఎవరికీ ప్రశాంతత ఉండదు. కుర్చీలో కూర్చుని కుడికాలు నొక్కేవాడు. అత్తయ్య ఎదురొస్తే బ్రేకు వేసేవాడు. గోడ మీది బూరాని మాత్రం తోమడం మానేశాడు. అది నల్లబడుతుంటే అత్తయ్య, ఇన్నాళ్లూ దాన్ని తిట్టిన మనిషి, చింతపండు నానబెట్టి చడీచప్పుడు లేకుండా తోమి పెట్టేది.

నేను ఏలూరు పవర్‌పేటలో ఒక ఇంటర్నెట్ సెంటర్లో చేరాను. పక్క గది కొరియరు ఆఫీసు. అప్పుడప్పుడే జనం నెట్‌లో వస్తువులు కొనడం మొదలుపెట్టారు. నేను మావయ్యని తీసుకొచ్చి కంప్యూటరు ముందు కూర్చోబెట్టాను.

"చూడు మావయ్యా. పుస్తకాలు, ఫోన్లు, చెప్పులు. ఇక్కడ నొక్కితే చాలు, ఇంటికే వస్తాయి."

ఆయన తెర మీద చెప్పుల్ని చాలాసేపు పరిశీలించాడు.

"నొక్కితే వస్తాయా?"

"వస్తాయి."

"తెచ్చేదెవడ్రా?"

నేను దాన్ని ముసలి మాటగా కొట్టిపారేసి కరెంటు బిల్లులు కట్టేవాళ్ల వైపు తిరిగాను.

ఆ వేసవిలో మామ్మ కొట్టు మూసేసిందని తెలిసింది. బిళ్లల సీసాలు పిల్లలకి పంచేసిందట. మావయ్య ఆ మాట విని కుడికాలు నొక్కలేదు, బ్రేకూ వెయ్యలేదు. లేచి వెళ్లి పడుకున్నాడు.

మళ్లీ చలికాలం వచ్చాక పక్క కొరియరు ఆఫీసాయన ఒక అట్టపెట్టె పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. విసిగిపోయి ఉన్నాడు.

"ఇది చూడండి మాస్టారూ. ఊరు కొల్లేటి లంక. ఆనవాలు 'రైల్వే గేటు దగ్గర' అని ఉంది. మా కుర్రాడు ఏలూరులో గేట్లన్నీ తిరిగాడు, కైకలూరు గేటు దగ్గర అడిగాడు, మండవల్లిలో అడిగాడు. గేటుమన్లు కొట్టడం ఒక్కటే తక్కువ. కొల్లేటిలో గేటెక్కడుందండీ?"

పంపింది మామ్మ మనవరాలు, విజయవాడలో చదువుకుంటున్న పిల్ల. నెట్‌లో ఏదో కొని నాయనమ్మకి పంపింది. చిరునామా రాసేచోట ఆనవాలు ఇవ్వనిదే కంప్యూటరు ముందుకి పోనివ్వదు. కొట్టు మూసేశారు కాబట్టి కొట్టు అని రాయలేదు. ఊళ్లో అందరూ అనేదే రాసింది.

నేను నవ్వి నవ్వి, ఆ నవ్వు తగ్గాక, మా ఇంటికి ఫోను చేశాను.

మావయ్య వచ్చాడు. పెట్టె మీది చిరునామాని నాచేత చదివించుకుని మళ్లీ చదివించుకున్నాడు.

"గేటు ఉందండి" అన్నాడు కొరియరాయనతో. "నేనాపే చోటండి."

కొరియరాయన లోపలికి తీసుకెళ్లి ఒక మూల చూపించాడు. కొల్లేటి లంకలకి పోవాల్సిన పెట్టెలు, ఏ కుర్రాడూ మోటారుసైకిలు మీద అంతదూరం పోనన్నవి, దుమ్ము పట్టి కుప్పగా ఉన్నాయి. మావయ్య వాటివైపు చూసిన చూపు నాకు గుర్తుంది. గూడెం మార్కెట్లో బస్తాల వైపు చూసినట్టే చూశాడు.

ఒక ట్రాలీ ఆటో అద్దెకి కుదిరింది. వెనక మంచమంత జాగా, ముందు ఒకటిన్నర మనుషులు పట్టే సీటు. సగం నేను. లారీ తోలిన మనిషి అందులో కూర్చుంటే మోకాళ్లు చెవులదాకా వచ్చాయి. "దేవుడి వాహనంలా ఉన్నావు మావయ్యా" అన్నాను. ఏ దేవుడో అడగలేదాయన.

పొద్దున్నే బయల్దేరాం. కొల్లేరు మమ్మల్ని గుర్తుపట్టనట్టే ఉంది. గుర్రపు డెక్క ఊదా పూలు పూసి, నీళ్ల మీద ఎవరో చీరలారేసినట్టు పరుచుకుని ఉంది. మలుపొచ్చింది. మావయ్య ఊపిరి పీల్చుకుని ఆటో హారన్ నొక్కాడు. రెండు పొట్టి, ఒక పొడుగు.

అది బాతుపిల్ల తుమ్మినట్టు వినపడింది.

ఊరి మొదట్లో ఆగాం. ఎవరూ లేరు. మళ్లీ నొక్కాడు. ఒక నిజం బాతు మాత్రం తల తిప్పి చూసింది. మావయ్య చేతులు ఒళ్లో పెట్టుకుని అలా కూర్చుండిపోయాడు. ఇంటింటికీ తిరిగి పెట్టెలిచ్చి రావచ్చు, అదేం పెద్ద పని కాదు. కానీ ఆయన కదల్లేదు. పిలిస్తే రాని ఊరికి ఆయనెప్పుడూ రాలేదు. నాకు ఆయన మొహం చూడాలంటే భయమేసింది. అప్పుడు సీటు కింద నా కాలికేదో తగిలింది. పాత చీరముక్కలో చుట్టి ఉంది. విప్పితే ఇత్తడి మెరిసింది.

"ఇదెవరు పెట్టారు?"

"నేను కాదు మావయ్యా."

ఇద్దరికీ ఒకేసారి అత్తయ్య గుర్తొచ్చింది. మూటలో స్క్రూడ్రైవరు కూడా ఉంది. ఆవిడ ఏ పనీ సగం చెయ్యదు.

ఆటో కిటికీ కమ్మీకి బూరా బిగించేసరికి బండి ఆ పక్కకి కొంచెం వాలింది. మావయ్య బుడ్డి మీద చెయ్యి వేసి, ఆగి, "నువ్వు కొట్టరా" అన్నాడు. కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ కావాలేమో. అలా అని నేను అడగలేదు. పిసికాను. గేదె నిద్రలేచింది. ఆ కూత నీళ్లమీదుగా పోయి, డెక్క పూల మీదుగా పోయి, ఎక్కడో కొంగల్ని లేపింది.

తలుపులు తెరుచుకున్నాయి. లారీ వచ్చిందని ఊరంతా సంచులతో పరుగెత్తుకొచ్చింది. వచ్చి, రోడ్డు మీద అగ్గిపెట్టెలాంటి ఆటోని, దానికి వేలాడుతున్న ఆ బూరాని, లోపల మడతపడి కూర్చున్న మావయ్యని చూసి, ఉన్నచోటే ఆగిపోయింది. తర్వాత ఎవరో ఒకావిడ కిసుక్కుమంది. ఇక ఆగలేదు.

"బాబోయ్, లారీ ఇంకిపోయిందండీ!"

"తిండి పెట్టట్లేదాండీ బండికి?"

మామ్మ అందర్నీ తోసుకుంటూ వచ్చింది. చేతిలో సంచి ఉంది, అలవాటు. మావయ్య పెట్టె ఇచ్చాడు. విప్పితే చిన్న రేడియో. కొట్టు లేదు కదా, పొద్దుపోదని మనవరాలు పంపిందట. మామ్మ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసింది.

"దీనికేం చెప్పినా వినదు కదా. నీకంటే నయం కాదు నాయనా ఇది. సరేగానీ, మా మరిది కళ్లజోడు..."

"ఇవ్వండి మామ్మా."

మిగతా పెట్టెలు పెట్టడానికి చోటు కావాలని ఆవిడ కొట్టు చెక్క తలుపులు తీసింది. లోపల ఖాళీ అరలు. పెట్టెలు అరల్లో సర్దుతుంటే జనం తమ పేర్లెక్కడున్నాయో చూపించమని మా మీద పడ్డారు. టీ నీళ్లు పొయ్యి మీద పడ్డాయి. మావయ్య రోడ్డు మధ్యలో ఆటో ఆపాడన్న సంగతి నాకప్పుడు గుర్తొచ్చింది. వెనక్కి తిరిగి చూస్తే మంచులో ఒక తెల్ల కంటైనరు, జనం అడ్డంగా ఉండటంతో కదల్లేక, చాలాసేపటినుంచి ఆగి ఉన్నట్టుంది. కొత్త డ్రైవరు కుర్రాడు, నీలం చొక్కా, హారన్ కొట్టలేదు. ఎవరు చెప్పారో. కిటికీలోంచి తల బయటపెట్టి ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"ఆగిందండి... కొల్లేటి మధ్యలోనండి... లేదండీ, బండికేం కాలేదండి."

మా వైపు చూశాడు, బూరా వైపు చూశాడు.

"గేటు పడిందండి" అన్నాడు.

మావయ్య అతనికో గ్లాసు టీ పంపించాడు.